గడప దగ్గర అడిగిన ప్రశ్న

ఈ నెల మేము మామిడిపూత గురించీ, సంఘంలో జరిగిన సీమంతం విందు గురించీ రాద్దామని కాగితాలు ముందు పెట్టుకొన్నాము. అంతలో పొంగలి సెలవులకని తిరుపతినుంచి మా అన్నగారి కూతురు వచ్చి దిగింది. దిగి, మా కలాన్ని వేరే దారి పట్టించింది. మామిడిపూత ఎక్కడికీ పోదు. వచ్చే నెల చూసుకొందాము.

అమ్మాయి కృష్ణగిరిలో బస్సు మారి మిట్టమధ్యాహ్నానికి మా ఇల్లు చేరింది. భుజాన బట్టల సంచీ, చేతిలో మరొక పొడుగాటి సంచీ. పండుగ ముందు గదా, ఆ పొడుగాటి సంచీలో చెరకుగడలున్నాయనుకొని మా ఇంటావిడ ఎదురేగి అందుకొన్నది. విప్పితే చెరకు లేదు. మడతపెట్టే చెక్క, దానిమీద అంకెలు, పైకీ కిందికీ జరిగే ఒక పలక. పిల్లల ఎత్తు కొలిచే సాధనమట అది. దానితోబాటు తూకపు యంత్రం, జబ్బ చుట్టుకొలత తీసే సన్నని టేపు, బొమ్మల అట్టలు, ఒక కట్ట ప్రశ్నాపత్రాలు. పని చేస్తున్న పల్లెనుంచి నేరుగా బస్సెక్కింది కాబట్టి సామాను అప్పజెప్పే తీరిక లేకపోయిందన్నది.

ఆ పిల్ల గృహవిజ్ఞానం చదివింది. ఒక విశ్వవిద్యాలయంలో, పిల్లల ఎదుగుదలనూ, ఆ ఎదుగుదలకు సొంత ఇంట్లోనే ఎదురయ్యే ఆపదలనూ పరిశోధించే ప్రయోగశాలలో ఉద్యోగం. ఏడాదికో రెండేళ్లకో పొడిగించే ఉద్యోగమే గాని, పింఛనుతో కూడినది కాదు. మా అమ్మకు ఈ ఉద్యోగమేమిటో ఎంత చెప్పినా బోధపడలేదు.

“లాబరేటరీ అంటే గాజు గొట్టాలు, కుందేళ్లు కదే? అక్కడ పిల్లకాయలతో ఏం పని?” అన్నది.

“మాకు ఇండ్లే లాబరేటరీ అవ్వా. మేమే సంచీ తగిలించుకొని పోతాము” అన్నది మనవరాలు.

“కొలిచేదానికి జీతమిస్తారా? పిల్లల్ని కొలవకూడదమ్మీ, దిష్టి తగులుతుంది.”

“నువ్వు చెప్పే మాట ప్రతి ఊళ్లోనూ ఒక అవ్వ చెబుతుంది. అందుకే ముందు ఆ అవ్వను కొలుస్తాను, తరువాత పిల్లను.”

అన్న మాట ప్రకారం మా అమ్మను గోడకానించి నిలబెట్టి కొలిచింది. ఎనభై ఏళ్ల ముసలమ్మ పండుగ నాలుగు రోజులూ వచ్చినవారికందరికీ తన ఎత్తు సెంటీమీటర్లలో చెప్పుకొన్నది.

మేము నవ్వుతున్నాము గాని, ఈ శాస్త్రానికి పెద్ద చరిత్రే ఉన్నది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్నాల్డ్ గెసెల్ పసిపిల్లలను గోపురంవంటి ఒక గదిలో ఆడనిచ్చి, లోపలివారికి బయటివారు కనిపించని తెర చాటునుంచి చూసి, ఫిలిము తీసి, ఏ నెలలో ఏ బిడ్డ ఏమి చేయగలదో లెక్క కట్టినాడు. మన దేశంలో బరోడా విశ్వవిద్యాలయంవారు చేతన్ బాల్వాడీ అనే పిల్లల బడి నడిపి, దానినే ప్రయోగశాలగా చేసుకొన్నారు. అయితే గాజుతెర వెనుక కనిపించేది బిడ్డ మాత్రమే. ఆ బిడ్డ ఇంటికి పోయిన తరువాత పొయ్యిమీద ఏమి ఉడికిందో, తండ్రి ఏ స్థితిలో ఇల్లు చేరినాడో తెర చూపదు గదా. అందుకని ఎవరో ఒకరు ఇంటిదాకా పోక తప్పదు. ఆ పోయేవారే మా పిల్లవంటివారు. పుస్తకాల అట్టమీద ఆచార్యుల పేర్లుంటాయి. గడప దగ్గర కూర్చొన్నవారి పేర్లు, ఉంటే గింటే, ముందుమాట చివర చిన్న అక్షరాలలో ఉంటాయి. గుమాస్తాలమైన మాకు ఇది కొత్త కాదు.

రాత్రి భోజనాలైనాక తిన్నెమీద కూర్చొని పనిపాటలన్నీ అడిగినాము. మొదట సమ్మతి పత్రం. ఎందుకు వచ్చినామో, ఏమి అడుగుతామో చదివి చెప్పాలి. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదనీ, మధ్యలో లేచిపోవచ్చుననీ చెప్పి, అటు తరువాతనే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఎత్తు మిల్లీమీటరుదాకా చూడాలి, ఒకసారి కాదు రెండుసార్లు. రెండేళ్ల లోపు బిడ్డనైతే పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు. బిడ్డ ఏడ్చి ఊరు కూడగడుతుంది. అదంతా తేలిక పనేనట. కష్టమైనది ప్రశ్నలు. కూలికి పోయిన తల్లి చీకటి పడ్డాకగాని ఇల్లు చేరదు. చేరి పొయ్యి వెలిగిస్తూ జవాబులు చెబుతుంది. పక్కనే అత్తగారు కూర్చొని కోడలికంటే ముందు జవాబు చెబుతుంది. పొరుగింటివారు ఏమి పంచుతున్నారోనని వచ్చి నిలబడతారు. “మీ ఇంట్లో తగవులు అవుతాయా అమ్మా” అని అంతమంది ముందు అడగడమెట్లా?

“మరేం చేస్తావు?” అన్నాము.

“అత్తగారికి ఎత్తు కొలిచే పని అప్పజెబుతాను చిన్నాయనా. ఆమె పిల్లల్నందరినీ వరుసలో నిలబెడుతూ ఉంటుంది. నేను కోడలితో దొడ్లోకి పోతాను.”

ఇదీ విద్య! ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠంగా చెప్పరు.

తెలుగుదేశంలో ఇట్టి పని చాలా పెద్ద ఎత్తున ఒకటి జరిగింది, మన పాఠకులలో ఎక్కువమంది విని ఉండరు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ‘యంగ్ లైవ్స్’ అనే పేరుతో ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా, ఈ నాలుగు దేశాలలో 12,000 మంది పిల్లలను ఎన్నుకొని ఏళ్ల తరబడి వెంబడించినారు. ఇండియాలో అందుకు తీసుకొన్నది మన ఆంధ్ర రాష్ట్రమే, అప్పటికి ఇంకా విడిపోలేదు. 2002లో మొదలుపెట్టి, శ్రీకాకుళంనుంచి అనంతపురందాకా, కరీంనగరంనుంచి కడపదాకా, 20 చోట్ల 3,000 మంది పిల్లలు. 2,000 మంది అప్పుడే పుట్టి ఏడాది నిండినవారు, 1,000 మంది ఎనిమిదేళ్లవారు. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం లెక్కల పని చూస్తే, తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంవారు పిల్లలతో, తల్లిదండ్రులతో కూర్చొని తీరికగా మాట్లాడి వారి సంగతులు రాసుకొనే పని చూసినారు. మొదట ఉయ్యాలలో చూసిన బిడ్డలను మళ్లీ 2006లో, 2009లో, 2013లో, 2016లో పోయి చూసినారు. కరోనా కాలంలో టెలిఫోనులో పలకరించినారు. ఆ ఉయ్యాల బిడ్డలకిప్పుడు ఇరవై దాటినాయి.

ఇన్నేళ్లలో కుటుంబాలు ఊళ్లు మారవా? మారినాయి. ఇటుక బట్టీలకు, హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయినాయి. అయినా ఇరవై ఏళ్లలో తప్పిపోయినవారు బహు తక్కువ. కిళ్లీ బడ్డీలో అడిగి, మేనమామ ఊరు కనుక్కొని, ఆ ఊరికి బస్సెక్కి పోయి పట్టుకొన్నారు. మా ఆఫీసులో ఒక్క ఫైలు ఈ బీరువానుంచి ఆ బీరువాకు పోతే ఆరు నెలలు దొరకదు.

అంత శ్రమకు ఫలమేమిటందురా? ఒక్క సంగతి చెబుతాము. అక్కడ కరువు వచ్చిన చోట్ల పసిపిల్లల ఎదుగుదల కుంటుపడింది. తరువాత ఆ పిల్లలు బడిలో చేరి మధ్యాహ్న భోజనం తిన్నారు. ఆ కొలతలు దగ్గర పెట్టుకొని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనేవారు లెక్క వేసి, కరువులో పోయినదాన్ని ఆ బడి అన్నం తిరిగి ఇచ్చిందని 2014లో అచ్చు వేసినారు. మనకు ఇది ఆశ్చర్యం కాకపోవచ్చు. 1956లో కామరాజు గారు బడిలో అన్నం పెట్టించిన నాటినుంచి, 1982లో ఎం.జి.ఆర్. దానిని విస్తరించిన తరువాతనూ, ధర్మపురివంటి కరువు సీమలో ఆ అన్నం విలువ మన ఇండ్లలో తెలియనివారు లేరు. మా నాయన బడికి పోయింది చదువుకు కాదు, అన్నానికేనని ఆయనే చెప్పేవారు. కాని తెలియడం వేరు, మిల్లీమీటర్లలో చూపడం వేరు. ఖజానా అధికారి ముందు మా నాయన మాట నిలవదు, ఆ చెక్కమీది అంకె నిలుస్తుంది.

బొమ్మల అట్టల సంగతి మరచినాము. ఒక్కొక్క అట్టమీద నాలుగు బొమ్మలుంటాయి. పరీక్షకురాలు ఒక మాట చెబితే బిడ్డ ఆ బొమ్మను వేలితో చూపాలి. బిడ్డకు ఎన్ని మాటలు తెలుసో అట్లా లెక్క కడతారు. పక్కింటి తెలుగువారి ఐదేళ్ల బుడుతణ్ణి పిలిచి ఆడిద్దామన్నాము. “తాళంచెవి ఏదిరా?” అంటే మిడికరించి చూసినాడు. “సావి” అనగానే టక్కున చూపినాడు. మరొకటి తెలుగులో అంటే చూపినాడు, అరవంలో అంటే చూపలేదు. మా పిల్ల పెన్ను కింద పెట్టేసి, “మీ ఊరి పిల్లలకు ఏ భాషలో పరీక్ష పెట్టినా సగమే వస్తుంది చిన్నాయనా, రెండూ కూడితేగాని వాడి తెలివి తేలదు” అన్నది. నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్న మన కుటుంబాలలో, బడిలో అరవమూ ఇంట్లో తెలుగూ అయి, ఒక భాషా పూర్తిగా రాలేదని తిట్లు తినే పిల్లలు ఎందరో. ఇంటికి వచ్చిన మాస్టరుగారికి ఈ సంగతి చెప్పండి.

ఇక్కడినుంచి మాట వేలూరు వైపు మళ్లింది. దానికి కారణం మా ఇంటావిడ. ఆమెది గుడియాత్తం దగ్గర. “మా వైపుకూ ఇట్లాగే పిల్లల్ని తూచేవాళ్లు వచ్చేవారు” అన్నది. నిజమే. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారికి గుడియాత్తం సమీపాన కె.వి. కుప్పంలో పల్లె ఆరోగ్యానికని ఒక విభాగం ఉన్నది. 1980 తరువాతి సంవత్సరాలలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి సాబు జార్జ్ అక్కడికి వచ్చి, ఆ విభాగపు డాక్టరు రాజరత్నం ఆబెల్‌తో కలిసి, 12 పల్లెలలో ఒక పరిశోధన మొదలుపెట్టినాడు. ప్రశ్న చాలా చిన్నది. బిడ్డను నెలనెలా తూచి, ఆ తూకాన్ని కార్డుమీద గీతగా గీసి తల్లికి చూపితే, బిడ్డ బాగా ఎదుగుతుందా? ఆరు పల్లెలలో గీత గీసినారు, ఆరు పల్లెలలో గీయకుండా తక్కిన సలహాలూ వైద్యమూ ఇచ్చినారు. రెండున్నరేళ్ల తరువాత చూస్తే తేడా లేదు. గీత గీసినా గీయకున్నా బిడ్డలు ఒక్కలాగే ఎదిగినారు. 1993లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ మాట దాచకుండా ప్రకటించినారు. శ్రమపడి చేసిన పని ఫలించలేదని సొంత చేత్తో రాయడానికి ధైర్యం కావాలి.

కాని ఆ 12 పల్లెలలో వారు వెతకని సంగతి ఒకటి కనిపించింది. ఇంటింటికీ పోయి పుట్టుకలు రాస్తున్నారు, మరణాలు రాస్తున్నారు. కొన్ని పల్లెలలో ఆడబిడ్డలు పుట్టిన కొద్దిరోజులకే పోతున్నారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. ఏడాది పొడుగునా గడప దగ్గర కూర్చొని చనువైన మనుషులు కాబట్టి, చివరకు ఎవరో ఒకరు నిజం చెప్పినారు. ఆ బిడ్డలు పోవడం లేదు, పంపబడుతున్నారు. 1992లో వారు ఆ సంగతీ ప్రకటించినారు. తూకపు యంత్రంతో వెళ్లినవారు తూచవలసిన బిడ్డే లేదని కనుక్కొన్నారు.

పాఠకులు మా ధర్మపురి సంగతి ఎత్తకుండా మేము వేలూరి మాట చెబుతున్నామని అనుకోవద్దు. ఆ వంతు ఇప్పుడే వస్తున్నది.

మా ఉద్యోగంలో మేము చూసే రిజిస్టర్లు వేరు. అయినా రిజిస్టరు ఎక్కడిదైనా దానిలో ఒక గడి మమ్మల్ని ఆకర్షిస్తుంది. కారణం అనే గడి. సెలవు ఎందుకు? ‘స్వంత పని’. ఆలస్యమెందుకు? ‘అనివార్యం’. ఆ గడిలో నిజం ఉండడం అరుదు. 1990 తరువాతి సంవత్సరాలలో మన సేలం, ధర్మపురి ప్రాంతాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పల్లె నర్సులు శిశు మరణాల రిజిస్టరు రాసేవారు. అందులో కారణం గడిలో కొన్ని ఆడబిడ్డల పేరున ‘సామాజిక కారణాలు’ అని ఉండేది. రెండే మాటలు. ఆ నర్సు అదే పల్లెలో తిరగాలి, అవే ఇండ్లలో మంచినీళ్లు తాగాలి, రేపు ఆ తల్లికే మళ్లీ కాన్పు చేయించాలి. పూర్తి మాట రాస్తే పోలీసులు వస్తారు, ఆమెకు గడప మూసుకొంటుంది. ‘న్యుమోనియా’ అని రాస్తే అబద్ధం. అందుకని ఆ రెండు మాటలు రాసింది. తిరుచిరాపల్లి భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన వెంకటేశ్ ఆత్రేయ గారూ, షీలా రాణీ చుంకత్ అనే ఐ.ఏ.ఎస్. అధికారిణీ ఆ రిజిస్టర్లను విప్పి, ఆ గడులను కూడి, తమిళనాట ఆడశిశువుల హత్య ఏయే చోట్ల ఎంత ఉన్నదో 1997లో లోకానికి చూపినారు. చూపి ఊరకుండలేదు. తరువాతి రెండేళ్లూ ధర్మపురి జిల్లా పల్లెపల్లెకూ వీధి నాటకాల బృందాలు తిరిగినాయి. ‘కలైపయణం’ అని పేరు. మేము అప్పటికి మెట్రిక్ ముగించి ఉద్యోగం కోసం తిరుగుతున్నాము. పెన్నాగరం వైపు మా పెదనాయన ఊళ్లో ఒక రాత్రి ఆ ఆట చూసినాము. ఆట ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. ఆట ముగిసినాక ఆడవాళ్లు చాలాసేపు లేచి పోలేదు, అది గుర్తున్నది.

ప్రభుత్వంవారు 1992లో సేలంలో మొదలుపెట్టిన తొట్టిల్ బిడ్డల పథకాన్ని, అంటే వద్దనుకొన్న ఆడబిడ్డను చంపకుండా ఉయ్యాలలో వదిలిపొమ్మనే పథకాన్ని, 2001లో మా జిల్లాకూ తెచ్చినారు. ఆ ఏడు జనాభా లెక్కలలో, నేటి ధర్మపురి జిల్లా హద్దుల ప్రకారం, ఆరేళ్లలోపు మగపిల్లలు 1,000 మందికి ఆడపిల్లలు 826 మంది. 2011లో 913. ఆ పెరుగుదలలో ఉయ్యాల వంతు ఎంతో, నాటకం వంతు ఎంతో, నర్సమ్మ వంతు ఎంతో పెద్దలు తేల్చుకోవాలి. ఆ రెండు మాటలు రాసిన చేయి లేకపోతే ఏదీ మొదలయ్యేది కాదని మాత్రం గుమాస్తాలుగా మేము గట్టిగా చెప్పగలము.

ఇంతవరకూ ఊరి సంగతి రాసినాము. ఇక మా ఇంటి సంగతి రాయక తప్పదు. రాయకుండా తప్పించుకొందామని రెండు రోజులు చూసినాము గాని, ఇతరుల గడిలో నిజం లేదని ఎత్తిచూపినవాళ్లము మా గడి ఖాళీగా వదిలితే బాగుండదు.

2019లో ఒక సాయంత్రం మా ఇంటికీ ఒక అమ్మాయి వచ్చింది. ఏదో కాలేజీ తరపున, మా వీధిలో పది పన్నెండు ఇండ్లు తిరుగుతున్నది. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు అడిగి తాగి, కాగితాలు తీసింది. ఇంట్లో ఎందరు, జీతమెంత, పిల్లలెందరు. “ఇద్దరూ ఆడపిల్లలే” అని కొంచెం గర్వంగానే చెప్పినాము. ధర్మపురిలో అది గర్వపడవలసిన మాటే గదా. తరువాత ఒక ప్రశ్న. బిడ్డ తప్పు చేస్తే మీరు ఏ విధంగా దిద్దుతారు? కాగితంలో నాలుగైదు జవాబులు వరుసగా ఉన్నాయి. నచ్చజెబుతాము, కేకలేస్తాము, చేత్తో కొడతాము, వస్తువుతో కొడతాము, ఇట్లా.

“నచ్చజెబుతాము. మా ఇంట్లో చేయి చేసుకొనే అలవాటే లేదు” అన్నాము.

మా చిన్నది అప్పటికి ఏడేళ్లది. వంటింటి వాకిలి పట్టుకొని నిలబడి ఉన్నది. అంతకు ముందు రాత్రి ఎనిమిదో ఎక్కం తప్పు చెప్పిందని అడుగు స్కేలుతో దాని పిక్కమీద రెండు దెబ్బలు వేసి ఉన్నాము. ఆఫీసులో ఆ రోజు మా పైఅధికారి నలుగురి ముందు కసిరినాడు. అందుకూ ఎక్కానికీ సంబంధం ఏమిటని మమ్మల్ని అడగవద్దు. బిడ్డ ఏమీ మాట్లాడలేదు. మా ముఖం వైపు చూసింది, అంతే. ఆ వచ్చిన అమ్మాయి తల ఎత్తి బిడ్డను చూసింది, తరువాత మమ్మల్ని చూసింది. ఒక్క క్షణం పెన్ను ఆగింది. మేము చెప్పిన జవాబు పక్కనే టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు పోయింది. పోతూ పోతూ బిడ్డకు ఒక పెన్సిలు ఇచ్చింది.

ఈ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు, మా ఇంటావిడతో కూడా మాట్లాడుకోలేదు. మొన్న తిన్నెమీద మా పిల్లకు చెప్పినాము. చెప్పి, “మీరైతే ఏం చేస్తారు?” అని అడిగినాము.

అది కొంతసేపు ఆలోచించింది. “చెప్పిన జవాబే రాస్తాము చిన్నాయనా. మా ఇష్టానికి మార్చరాదు. కాని కాగితం చివర మేము చూసినది రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో రాస్తాము.”

“ఆ అమ్మాయి రాసి ఉంటుందా?”

“ఏమో.”

“చూసి ఊరుకొని రావడమేనా మరి?”

“అదే మాకు నిద్ర పట్టనివ్వదు” అన్నది. బిడ్డ ప్రాణానికో మానానికో ఆపద అని తెలిస్తే ఊరుకోరాదు, పైవారికి చెప్పాలి. పిల్లలపై లైంగిక అత్యాచారమైతే 2012 నాటి చట్టం ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలపవలసిందే. 1098 అనే టెలిఫోను నంబరు ఉన్నది. సమ్మతి పత్రం చదివేటప్పుడే, ఆపద సంగతి తెలిస్తే దాచలేమని ముందుగా చెప్పివేయాలి. “ఆ మాట చెప్పగానే కొందరు అసలు ప్రశ్నకు ముందే నోరు మూసుకొంటారు చిన్నాయనా. చెప్పకపోతే మోసం చేసినట్టు. ఇక స్కేలు దెబ్బలాంటివి ఉన్నాయి చూడండి, వాటికి పోలీసు లేదు, నంబరు లేదు. ఆ గడి ఒక్కటే. పది ఇండ్లలో ఒకే మాట రాస్తే ఎవరో ఒకరు కూడుతారని రాస్తాము.”

మాకు ఆ రాత్రి నర్సమ్మల రిజిస్టరు గుర్తుకు వచ్చింది.

మా మనసు తేలిక చేయడానికో ఏమో, పసిఫిక్ సముద్రంలోని కవాయి దీవి కథ ఒకటి చెప్పింది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు స్త్రీలు నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా వెంబడించినారట. లేమి, తాగుడు, తగవులు, తల్లి జబ్బు, ఇట్లా నాలుగు విధాలా కష్టమున్న ఇండ్లలో పుట్టినా, మూడింట ఒక వంతు పిల్లలు చక్కగా ఎదిగి నిలబడినారు. ఏమి కాపాడింది అని వెతికితే, అవ్వో, అత్తో, పంతులమ్మో, ఆ బిడ్డను తనదిగా చూసుకొన్న మనిషి ఎవరో ఒకరు చాలామంది విషయంలో కనిపించినారు. వింటున్న మా అమ్మ, “దీనికి నలభై ఏండ్లు కావల్నా?” అన్నది. మా పిల్ల నవ్వి ఊరుకొన్నది. మూడింట రెండు వంతుల సంగతేమిటని మేమూ అడగలేదు.

పండుగ మరునాడు, బయలుదేరే ముందు, కొత్త ప్రశ్నాపత్రం ఒకటి చదివి చూసుకోవాలి, ఎంతసేపు పడుతుందో తెలియాలి అని మా చిన్నదాన్ని కూర్చోమన్నది. దానికి ఇప్పుడు పదమూడేళ్లు దాటినాయి, మా భుజందాకా వచ్చింది. లెక్కకు పోని అభ్యాసమే. అయినా సమ్మతి పత్రం చదివింది, మా సంతకం తీసుకొన్నది, బిడ్డ సంతకం విడిగా తీసుకొన్నది. తరువాత మా వైపు తిరిగి, “చిన్నాయనా, పెద్దవాళ్లు బయట కూర్చోవాలి” అన్నది.

సొంత ఇంట్లోనుంచి మమ్మల్ని బయటికి పంపడం మాకు కొత్త. తిన్నెమీద కూర్చొన్నాము. లోపల గొంతులు వినిపిస్తున్నాయి గాని మాటలు తెలియడం లేదు. ఒకసారి ఇద్దరూ నవ్వినారు. తరువాత చాలాసేపు మా చిన్నదాని గొంతు ఒక్కటే, చిన్నగా. పాలవాడు వచ్చి పోయినాడు. గడియారం చూసుకొంటే నలభై నిమిషాలు.

బయటికి వచ్చినాక మా పిల్ల ఆ కాగితాలను నాలుగుగా చించి సంచిలో వేసుకొన్నది. “ఏమన్నది?” అని అడిగినాము. “అది చెప్పకూడదు చిన్నాయనా” అన్నది. ఎత్తు చెక్కను భుజాన వేసుకొని, మా అమ్మ కాళ్లకు దండం పెట్టింది.

చిన్నదీ మేమూ బస్టాండుదాకా పోయి బస్సెక్కించినాము. తిరిగి వచ్చేటప్పుడు అది మా పక్కనే నడిచింది. సగం దారిలో, “నాయనా, ఆ పెన్సిలు నా దగ్గర ఇంకా ఉంది” అన్నది.